విన్నవారి పేరు

నిఘంటువు అంటే మాటలన్నీ తెలిసిన పెద్దమనుషులు కూర్చుని రాసేదని అందులో ఉద్యోగం వచ్చేదాకా నేనూ అనుకున్నాను. తీరా చేరాక తెలిసింది, అక్కడ ఎవరికి ఏం తెలిసినా చెల్లదని. చీటీ ఉండాలి. అరచెయ్యంత అట్టముక్క మీద పైన మాట, దాని కింద ఆ మాట వాడిన వాక్యం, అడుగున ఎడమవైపు తేదీ, కుడివైపు 'విన్నవారు' అని అచ్చువేసి ఒక గీత. పుస్తకంలో వాక్యం పక్కనే ఆ పేరూ అచ్చవుతుంది; గీత మీద పేరు లేకపోతే వాక్యం ఎంత బంగారమైనా చెత్తబుట్టకే పోతుంది.

చీటీలు పంపేది బయటివాళ్ళు. పదేళ్ళ కిందట పేపర్లో ప్రకటన ఇచ్చారట, "వృత్తిపనివారు, వ్యాపారులు, వాహనాలు నడిపేవారు తమ చెవిన పడిన మాటలు పంపగలరు" అని. ఆఫీసులో ఉద్యోగం చేసేవాళ్ళు మాత్రం పంపకూడదు. అది ఏడో నియమం. ఎప్పుడో ఒక గుమాస్తా పని చేస్తున్నట్టు కనిపించడానికి బల్ల దగ్గర కూర్చుని వాక్యాలు అల్లేశాడట. ఆ మహానుభావుడి పుణ్యమా అని అప్పటినుంచీ మా అందరి చెవులకీ తాళం పడింది. పొద్దస్తమానం మాటల మధ్యే బతుకుతాం గానీ, ఒక మాట విన్నామని చెప్పుకునే హక్కు మాకు లేదు.

మా సంపాదకుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఎనభై దాటాయి. చూపు మసక, చెయ్యి వణుకు, గొంతు మాత్రం కంచు. చేతి వణుకు వల్ల నాలుగేళ్ళుగా బయటికి వెళ్ళే ఉత్తరాలన్నీ నేనే రాసి, ఆయన సంతకం కూడా నేనే పెడుతున్నాను. మొదట్లో ఆయనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించారు. "ఆ చివరి తోక ఇంకాస్త పైకి లాగమ్మాయ్, నాది అంత పిరికి సంతకం కాదు" అనేవారు. దీన్ని ఎవరూ తప్పు పట్టరు. నా విధుల జాబితాలో ఇది అయిదో అంశం.

చీటీలు పంపేవాళ్ళలో పెద్దాయనకి ప్రాణమైనవాడు ఒక దర్జీ. వారానికి ఏడెనిమిది చీటీలు వచ్చేవి ఆయన కొట్టునుంచి. "భుజం దగ్గర పట్టేసింది, ఊపిరి తీస్తే ఒప్పుకోవట్లేదు చొక్కా." "నా ఒంటికి కొలత తీయండి, మా అన్నయ్య గొప్పకి కాదు." ఇలాంటివి. పెద్దాయన వాటిని చదివించుకుని, కళ్ళు మూసుకుని, నోట్లో బెల్లం ముక్క వేసుకున్నట్టు కాసేపు మాట్లాడేవారు కాదు. ఆ తర్వాత, "దర్జీకి ధన్యవాదాలు రాయమ్మాయ్" అనేవారు. నెలకో ఉత్తరం రాసి, తోక పైకి లాగి, పంపేదాన్ని.

రెండేళ్ళ కిందట ఆ చీటీలు హఠాత్తుగా ఆగిపోయాయి. పెద్దాయన రోజూ పొద్దున్నే అడిగేవారు, "దర్జీ నుంచి ఏమైనా వచ్చిందా?" అని. లేదని చెప్పినప్పుడల్లా ముఖం చిన్నబోయేది. మూడు వారాలు అలా గడిచాక ఒక పొద్దున నా నోటినుంచి "వచ్చింది" అని ఊడిపడింది. ఇక తప్పుతుందా? ముందురోజు సాయంత్రం మా అమ్మ అన్న మాటొకటి చీటీ మీద రాసి, గీత మీద దర్జీ పేరు వేశాను. చెయ్యి వణకలేదు. పరాయి సంతకాలకి అలవాటు పడిన చెయ్యి కదా.

మొదటి చీటీ ముసలాయన మీద జాలితో రాశాననే చెప్పుకుంటాను. రెండోదానికి ఆ సాకు చెల్లదు. అది విని ఆయన, "ఆహా! దీన్ని పట్టుకోవాలంటే దర్జీ చెవి కావాలమ్మాయ్. మీ చదువుకున్నవాళ్ళ చెవులకి ఇవి ఆనవు" అన్నారు. ఆ మాటకి ఒళ్ళు మండింది, ఒళ్ళు పులకరించింది కూడా. నా పేరుకి ఎప్పుడూ దక్కని మెప్పు దర్జీ పేరుకి దక్కుతుంటే పక్కనే కూర్చుని తినేదాన్ని. అయితే ఒక్క వాక్యం కూడా నేను అల్లింది కాదు. బస్సులో విన్నవి, మెట్ల మీద విన్నవి, సగానికి పైగా మా అమ్మ నోటినుంచి వచ్చినవి. విన్నవారి పేరొక్కటే అబద్ధం. రెండేళ్ళలో అవి, అన్నీ చివరి సంపుటంలో చేరాల్సిన మాటలకే, రెండువందల పదమూడు అయ్యాయి.

చిట్టచివరి సంపుటం 'వ' అక్షరం దగ్గరికి వచ్చేసరికి 'వేషం వేయు' అనే మాట నా బల్ల మీద పడింది. నవ్వకండి. మొదటి అర్థం సులువే, నాటకంలో పాత్ర ధరించడం. రెండో అర్థానికి పెద్దాయన ఇలా చెప్పి రాయించారు: "లాభాపేక్షతో, తాను కాని మనిషినని నమ్మించి మోసగించు."

"లాభాపేక్ష అని తప్పకుండా ఉండాలంటారా?" అన్నాను.

"లాభం లేకుండా ఎవడు వేస్తాడమ్మాయ్ వేషం? పనీపాటా లేకనా?"

"అంటే... ఒక్కోసారి..."

"ఒక్కోసారికి చీటీ ఉందా?"

ఉంది. దర్జీ పేరుతో పోయిన ఏడాది నేను వేసిందే. ఆ వాక్యం మా అమ్మది.

మా నాన్న పోయి ఇరవై రెండేళ్ళయింది. ఆయన చెప్పులు ఇప్పటికీ మా గుమ్మం బయట ఉంటాయి. ఆడవాళ్ళిద్దరే ఉన్న ఇల్లని దారినపోయేవాళ్ళకి తెలియకూడదని అమ్మ ఏర్పాటు. వారానికోసారి వాటికి దుమ్ము దులుపుతుంది. ఎండకి ఎండి బిగుసుకుపోకుండా కాస్త నూనె రాస్తుంది. ఒక రోజు ముందుకీ ఒక రోజు పక్కకీ తిప్పి పెడుతుంది, ఇప్పుడే విడిచినట్టు. ఎవరైనా తలుపు కొడితే తీయబోయే ముందు ఖాళీ గదివైపు తిరిగి, "ఏమండీ, ఎవరో వచ్చారు, నేను చూస్తాలెండి" అని గట్టిగా అంటుంది. పోయిన ఏడాది ఆ చెప్పులు తుడుస్తూ, తనలో తను నవ్వుకుని ఇలా అంది: "ఇరవయ్యేళ్ళ పైనుంచి మీ నాన్న వేషం నేనే వేస్తున్నా. చెప్పులు పాతబడ్డాయిగానీ, మనిషి మాత్రం ఇల్లు కదలడు."

ఎప్పటిలా నేనే పెద్దాయనకి ఆ చీటీ మళ్ళీ చదివి వినిపించాను. ఆయన చిరాగ్గా అన్నారు, "ఈ ఒక్క వాక్యం నిలబడితే నా నిర్వచనం పడిపోతుంది. ఒకే ఒక్క చీటీని నమ్మి నిర్వచనం మార్చాలంటే విన్న మనిషి చేత నిర్ధారణ పత్రం మీద సంతకం పెట్టించాలి. వెళ్ళి దర్జీని కలిసి రా. పత్రం రాకపోతే చీటీ తీసేద్దాం."

మామూలుగా అయితే మెట్ల మీద కూర్చుని ఆ సంతకం కూడా నేనే పెట్టేసి, టీ తాగి వచ్చేదాన్ని. కానీ ఆ నెలే పెద్దాయనకి కంటి ఆపరేషన్ అయింది. గోడ మీద చీమ ఏ దిక్కుకి పోతోందో చెబుతున్నారు. దర్జీ పాత చీటీల్లో అక్షరాలు గుండ్రంగా, కుట్టు వేసినట్టు వరసగా ఉంటాయి. నావి వాలుగా పరిగెడతాయి. ఇన్నాళ్ళూ నన్ను కాపాడింది ఆయన మసక చూపు. ఇప్పుడు అసలు మనిషి కాళ్ళు పట్టుకోవడం తప్ప దారి లేదు.

చీటీల వెనకున్న చిరునామా పట్టుకుని వెళ్ళాను. ఇరుకు సందులో ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. బోర్డు ఉంది, కొట్టులో కత్తిరింపుల బల్ల ఉంది, దాని మీద బట్ట కాకుండా కూరగాయల బుట్ట ఉంది. కిటికీ దగ్గర మిషను ముందు అరవయ్యేళ్ళావిడ కూర్చుని ఒక చొక్కాకి కాజాలు కుడుతోంది. నేను ఫలానా నిఘంటువు ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే మిషను ఆగింది.

"దర్జీగారు ఉన్నారాండీ?"

"ఆయన పోయి రెండేళ్ళు దాటింది కదమ్మా" అంది ఆవిడ, వాతావరణం చెప్పినంత మామూలుగా. "కూర్చో."

కూర్చున్నాను. చనిపోయిన మనిషిని రెండేళ్ళుగా బస్సులెక్కించి మరీ మాటలు వినిపించాను.

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో మా ఆఫీసు ఉత్తరాలు, తారీఖుల ప్రకారం పేర్చి, మిగిలిపోయిన బట్ట అంచుతో కట్టినవి. కట్టు విప్పి పైవాటిని విడిగా పెట్టింది. "ఇవి ఆయన పోయాక వచ్చినవి. 'ఈ నెల మీరు పంపిన తొమ్మిది చీటీలూ అమూల్యం' అని ఉంటుంది. నేను పంపితేగా?"

"మీరు?"

"మరి ఎవరు రాశారనుకున్నావు? ఆయనకి సుద్దముక్కతో గీత గీయడం వచ్చుగానీ అక్షరం రాదు. వచ్చినవాళ్ళు ఆయనతో మాట్లాడేవాళ్ళు. నేను ఈ మూల కూర్చుని కాజాలు కుట్టుకుంటూ వినేదాన్ని. సాయంత్రం రాసేదాన్ని."

"మరి ఆయన పేరెందుకు వేశారు పిన్నిగారూ?"

"మీ ప్రకటనలో వృత్తిపనివారు అన్నారు. బోర్డు మీద దర్జీ ఆయన. ముప్ఫయ్యేళ్ళు కాజాలు కుట్టినా నేను దర్జీగారి భార్యనే. భార్యలు పంపొచ్చని మీరు రాయలేదుగా." కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. "ఆయన పోయాక మానేశాను. పోయిన మనిషి పేరుతో రాయడానికి మనసొప్పలేదు. నెల తిరగకుండానే ధన్యవాదాల ఉత్తరం వచ్చింది. మొదట భయపడ్డాను. తర్వాత నవ్వొచ్చింది. నేను ఆయన వేషం వేస్తే, ఇప్పుడెవరో నా వేషం వేస్తున్నారే అని. అయినా ఆ పెద్దమనిషి ఎంత బాగా రాస్తాడమ్మా! 'మీ చెవికి మా అందరి తరఫునా నమస్కారం' అన్నాడొకసారి. నా జన్మలో నా చెవికి ఎవరూ నమస్కారం పెట్టలేదు. ఎన్నిసార్లు చదువుకున్నానో."

ఆ వాక్యం నాదే. ఒక మధ్యాహ్నం పనితొందరలో రాసి పడేసింది. ఆ క్షణాన నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. పెద్ద పండితుడికీ పేద దర్జీకీ మధ్య ఏళ్ళ తరబడి నడిచిన ఆ ఉత్తరాల్లో మగవాళ్ళిద్దరి చెయ్యీ లేదు. నేనూ ఆవిడా రాసుకున్నాం, అంతే. చెప్పేశాను. ఉత్తరాలూ నావే, రెండేళ్ళ చీటీలూ నావే అని, ఒక్క గుక్కలో.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కొంచెంసేపు నా వేళ్ళవంకే చూసింది. "తెచ్చావా ఆ చీటీలు? ఒకటి చదువు."

నా సంచీలో ఉన్నది ఒక్కటే, చెప్పుల చీటీ. చదివాను.

"ఇది మా కొట్లో మాట కాదు" అంది వెంటనే. "కొలత తీసే మగవాడి ఎదురుగా ఏ ఆడదీ ఈ మాట అనదు. ఇది ఇంటి లోపలి మాట. మీ పెద్దాయన అంత పండితుడై ఉండి ఇది పోల్చుకోలేదా? ఎవరన్నారిది?"

"మా అమ్మ."

"మరి మీ అమ్మ మాట తీసుకెళ్ళి మా ఆయన చెవిలో ఎందుకు పోశావు?"

ఏడో నియమం గురించి చెప్పబోయి ఊరుకున్నాను. "ఈ పత్రం మీద సంతకం లేకపోతే ఆ మాట పుస్తకంలోంచి తీసేస్తారు పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ పత్రం అందుకుంది. భర్త పేరుతో సంతకం పెట్టింది, గుండ్రంగా, వరసగా, ఏళ్ళనాటి అలవాటుగా. "ఇదే ఆఖరు" అంది. నేను గుమ్మం దిగుతుంటే వెనక్కి పిలిచి, అడక్కుండానే తన పేరు చెప్పింది. రెండోసారి ఇంటిపేరుతో కలిపి చెప్పింది. "ఊరికే. ఎవరైనా అడిగితే" అని మళ్ళీ కాజాల మీదికి వంగింది.

పెద్దాయన పత్రాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశారు. దర్జీ చీటీలన్నీ తెప్పించారు. కొత్త చూపు కదా, అన్నిటినీ బల్ల మీద పరిచి, పసిపిల్లాడు బొమ్మలు సర్దుకున్నట్టు రెండు కుప్పలు చేశారు. నేను తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడ్డాను.

"సంతకం పాత చీటీలతో కలుస్తోంది. ఈ రెండేళ్ళ వాటితో కలవడం లేదు" అన్నారు చివరికి. "ఎవడో దర్జీ వేషం వేశాడమ్మాయ్. మనల్ని మోసం చేశాడు. ఈ కుప్ప మొత్తం తీసెయ్."

చెత్తబుట్ట నా కాలి పక్కనే ఉంది. ఆయనకి నా మీద ఈషణ్మాత్రం అనుమానం లేదు. 'అలాగేనండీ' అంటే చాలు, అంతా సర్దుకుంటుంది. ఇంకో రెండు నెలల్లో సంపుటం అచ్చవుతుంది, అట్ట మీద ఆయన పేరు కింద సహాయ సంపాదకురాలిగా నా పేరు పడుతుంది. పోయేదల్లా మా అమ్మ మాటలు. కుప్పలోంచి పై చీటీ తీశాను. అది మా అమ్మ జ్వరంలో ఉండి అన్నది. దాన్ని బుట్టలో వేయడానికి వంగాను. చెయ్యి విడవలేదు.

"ఎవడో కాదండీ, నేనే" అన్నాను.

పెద్దాయన కళ్ళజోడు తీశారు. నేను మొత్తం చెప్పాను. పాత చీటీలు దర్జీ భార్య రాసినవని, దర్జీ లేడని, పత్రం మీద సంతకం కూడా ఆవిడదేనని, చెప్పుల మాట మా అమ్మదని.

"ఆ భార్య మన ఉద్యోగి కాదుగా?" అన్నారు ముందుగా.

"కాదు."

"అయితే బతికాం. విన్నది ఆవిడే కనక ఆ చీటీల మీద ఆవిడ పేరు వెయ్. పేరు తెలుసా?"

"తెలుసు. రెండుసార్లు చెప్పారు."

"మంచిది." నావైపు తిరిగారు. "రెండేళ్ళు ఈ వేషం వేశావు. నీకేం లాభం వచ్చింది?"

ఆలోచించాను. "మీరు బాగుందనేవారు. పేరేమో ఆయనది."

ఆయన ఎర్ర పెన్సిల్ తీసుకుని, తన నిర్వచనంలో 'లాభాపేక్షతో' అన్న మాటని వణికే గీతతో కొట్టేశారు. ఇంకాస్త ఆలోచించి 'మోసగించు' కూడా కొట్టేసి, 'నమ్మించి'ని 'నమ్మించు'గా దిద్దారు. 'తాను కాని మనిషినని నమ్మించు' అని మిగిలింది. నాకు కళ్ళు చెమర్చాయి. గెలిచాననే అనుకున్నాను, ఆయన నియమాల పుస్తకం తెరిచేదాకా.

"కానీ ఉదాహరణ లేకుండా ఈ మార్పు నిలవదు. నీ చీటీ చెల్లదు. ఏడో నియమం" అన్నారు. నిజంగానే బాధపడుతూ అన్నారు. "అది రాసింది నేనే. నీకోసం నేనే మీరితే రేపు దీన్ని ఎవరు లెక్కచేస్తారు?"

"ఏడో నియమం ఏమంటుందండీ, అక్షరాలా?"

"చీటీ అందిన నాటికి పంపినవారు కార్యాలయ ఉద్యోగి అయి ఉండరాదు."

"అంటే ఈరోజు నేను రాజీనామా చేసి, రేపు ఈ రెండువందల పదమూడూ నా పేరుతో పంపితే?"

ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదివారు. లొసుగు కోసం వెతికారు. నా పక్షాన వెతికారో నియమం పక్షాన వెతికారో తెలియదు. "చెల్లుతాయి" అన్నారు చిన్నగా. "పిచ్చిపిల్లా, రెండు నెలలు నోరు మూసుకుని ఉంటే అట్ట మీద పేరు పడేది కదే."

"లోపల రెండువందల పదమూడు చోట్ల పడుతుంది లెండి."

ఏడుపొస్తోందని తెలియకూడదని నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను. రాజీనామా రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇంటికి వెళ్ళి అమ్మకి ఏమని చెప్పాలో తేల్చుకోవడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది. నీ మాట పుస్తకంలోకి ఎక్కిందనీ, నా ఉద్యోగం పోయిందనీ ఏ వరసలో చెప్పాలి? ముందు మాట సంగతి చెప్పాలనుకున్నాను. గుమ్మంలో చెప్పులు ఎటు తిరిగి ఉన్నా సరే.

రాజీనామా కాగితం చదివి పెద్దాయన తలూపారు. కానీ రాజీనామా ఇస్తే సరిపోదు, అంగీకరిస్తూ సంపాదకుడు జవాబివ్వాలి, అది ఈరోజు తారీఖుతోనే ఉండాలి. ఆయన కలం తీసుకున్నారు. మొదటి అక్షరం కాగితం దాటి బల్ల మీదికి పోయింది. ఇంకో కాగితం తీసుకున్నారు, అదీ అంతే. కలం కింద పెట్టి, నావైపు చూడకుండా అన్నారు:

"సాయంత్రం దాకా నువ్వు ఉద్యోగివే కదమ్మాయ్. అయిదో అంశం."

కూర్చుని రాశాను. "మీ రాజీనామాను విచారంతో అంగీకరిస్తున్నాను. ఇన్నేళ్ళ మీ సేవకు, మీ చెవికి, మా అందరి తరఫునా నమస్కారం." కింద ఆయన సంతకం పెట్టాను. నాలుగేళ్ళలో మొదటిసారి నా చెయ్యి వణికింది. ఆ సంతకం అచ్చం ఆయనదిలాగే వచ్చింది.